బిందెడు నీళ్ళ బరువు

ఆ రోజుల్లో మోసం అంటే పక్కవాడు చేసేది, తెలివి అంటే మనం చేసేది. ఈ రెండింటికీ తేడా ఇంతకంటే ఏమైనా ఉందా అని నాకు గానీ మా చిన్న మావయ్యకి గానీ ఎన్నడూ అనుమానం రాలేదు. వచ్చి ఉంటే ఇవాళ నేను పటమటలో షేర్ ఆటో ఎక్కినప్పుడల్లా ఎడమ కాలు బారుగా చాపుకుని, "కాస్త సర్దుకోండి మాష్టారూ" అని జనం చేత అనిపించుకునే వాణ్ణి కాదు. (సర్దుకోవాలంటే ముందు ఆ కాలు వంగాలి కదండీ!) ఇదేదో ఏడుస్తూ చెబుతున్నాననుకోకండి. ఏడవాల్సిందంతా అప్పుడే ఏడ్చేశాను. ఇన్నేళ్ళకి ఆ ఏడుపులోనే అక్కడక్కడా నవ్వు దొరుకుతోంది, అది కాస్తా పోకముందే మీ చెవిన వేద్దామని.

మాది పెడనలో నేతపని చేసుకునే కుటుంబం. ఇంటి ముందుగదిలో సగం మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, అడుగునున్న చెక్కలు మార్చి మార్చి తొక్కుతుంటే పడుగు విచ్చుకుంటుంది, ఆ సందులోంచి నాడె అటూ ఇటూ పరుగులు పెడుతుంది. చేతులు చేసే పని పదిమందికీ కనిపిస్తుంది కనక దానికి చేనేత అని పేరొచ్చింది గానీ, సగం కష్టం కాళ్ళదే. మా నాన్న మోకాళ్ళు ఆ గుంటలోనే అరిగిపోయాయి. పొద్దున్నే మంచం దిగడానికి ఆయన పడే అవస్థ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. నాకూ వేసేది. అయితే జాలి పడి మగ్గంలో కూర్చున్నానా అంటే, అదేం లేదు. జాలి పడి, బస్సెక్కి, బెజవాడ పటమటలో మా మావయ్య మెకానిక్ షెడ్డుకి పారిపోయాను.

ఆ షెడ్డులో బోల్టులు కడుగుతూనే నేను రేసు వీరుణ్ణని నాకు తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు, అద్దంలో హెల్మెట్ పెట్టుకుని చూసుకున్నాను, అంతే. బాగుచేయడానికి వచ్చిన బళ్ళని "ట్రయల్" పేరుతో బందరు రోడ్డు మీద తిప్పి తిప్పి, చివరికి మట్టి ట్రాకుల మీద పందేలకి వెళ్ళడం మొదలుపెట్టాను. నాలుగో స్థానమో ఐదో స్థానమో వచ్చేది. ఒకసారి ఇంటికి వెళ్తే నాన్న గుంట అంచున కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఒరేయ్, నేనింక ఈ చెక్కలు తొక్కలేన్రా. ఇంకొక్క పందెం ఆడుకో. గెలిచావా, నీ దారి నీది, మళ్ళీ మాటెత్తను. ఓడిపోతే మటుకు వచ్చి ఇందులో కూర్చో. సరేనా?"

సరేనన్నాను. మగ్గం గుంట నా కళ్ళకి ఆ క్షణాన నన్ను పూడ్చడానికే తవ్వినట్టు కనిపించింది. గెలిచి తీరాలి అనుకున్నాను. ఎలా గెలవాలి అన్నది మావయ్య చూసుకుంటాడు కదా!

ఇక మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మకి ఆఖరి తమ్ముడు. షెడ్లో అందరూ ఆయన్ని రూల్స్ మావయ్య అనేవారు. ఆయన జన్మలో రూలు తప్పి ఎరగడు. ఏ రూలైనా మూడుసార్లు చదివి, అందులో ఏది లేదో కనిపెట్టి, ఆ లేనిదాంట్లో కాపురం పెట్టేవాడు. "రూల్లో లేదు కదరా అల్లుడూ" అన్నది ఆయన ఊతపదం. హెల్మెట్ లేదని ఆపిన పోలీసాయన దగ్గర కూడా, "హెల్మెట్ ఉండాలన్నారు గానీ నెత్తినే ఉండాలని ఎక్కడండీ?" అని బండికి తగిలించిన హెల్మెట్ చూపించాడు. (జరిమానా కట్టాడు. అది వేరే సంగతి.) మెకానిక్ కాకముందు ఉయ్యూరు వైపు చెరకు ట్రాక్టర్ తోలాడు. ఆ కాలంలో చూసిన విద్య ఒకటి ఆయన బుర్రలో అలాగే నిలవ ఉంది: ఫ్యాక్టరీ కాటా ఎక్కబోయే ముందు చెరకు మీద నాలుగు బిందెలు నీళ్ళు చల్లితే బరువు పెరుగుతుంది. దిగాక ఆ నీళ్ళు ఏమయ్యాయో ఎవడూ అడగడు.

నాన్న షరతు పెట్టిన ఆ ఒక్క పందెం ఉయ్యూరు దాటాక, చెరకు కొట్టేసిన ఒక పెద్ద చేలో పెట్టారు. పెట్టినవాళ్ళు రేసులంటే పిచ్చి ఉన్న నలుగురు కుర్రకారు, వాళ్ళకి పెద్దదిక్కుగా ఒక రిటైరైన డ్రిల్లు మాష్టారు. ఎప్పుడూ మెళ్ళో విజిల్ వేలాడుతూ ఉండేది కనక ఆయన్ని విజిల్ మాష్టారనేవారు. వీళ్ళు ఎక్కడో విదేశీ కార్ల పందేల నిబంధనలు చూసి, వాటిని తెలుగు చేసి, మైకులో చదివించారు. బండీ మనిషీ కలిపి ఇంత బరువుకి తగ్గకూడదు. పందేనికి ముందూ తర్వాతా కూడా కాటా ఎక్కాలి. అయితే పందెంలో ఖర్చయిన నీళ్ళూ ఆయిలూ తిరిగి నింపుకుని ఎక్కవచ్చు. ఈ చివరి మాట వినగానే మా మావయ్య మొహంలో వెలుగు చూడాలి! పెళ్ళి చూపుల్లో మా అత్తని చూసినప్పుడు కూడా అంత వెలుగు లేదని అమ్మ తర్వాత అన్నది.

"అల్లుడూ, నీళ్ళు నింపుకోవచ్చన్నాడు. ఎన్ని నీళ్ళో అన్లేదు. దేనికో కూడా అన్లేదు."

"మన బండికి నీళ్ళతో పనేముంది మావయ్యా? గాలికే చల్లారే ఇంజను కదా?"

"ఇంజనుకి కాదెహె. బ్రేకులకి! బ్రేకులు వేడెక్కవూ? వాటికి చల్లటి నీళ్ళు వద్దూ?"

ఆ దెబ్బతో మా బండిని చిక్కిపోయేలా చేశాం. మడ్‌గార్డులు తీసేశాం, సైడు డబ్బాలు తీసేశాం, సీటు కోసి పీటంత మిగిల్చాం, ఇనప ముక్కలకి ఎక్కడ సందిస్తే అక్కడ బెజ్జాలు కొట్టాం. పైన నేను. ఆ రోజుల్లో నేను ఎంత సన్నంగా ఉండేవాణ్ణంటే, గాలి వేస్తే మా అమ్మ గుమ్మం మూసేది. అన్నీ కలిపి తూస్తే రూలు కంటే సరిగ్గా బిందెడు నీళ్ళ బరువు తక్కువ తూగాం. ఆ బిందెడూ పట్టేలా సీటు వెనక ఒక రేకు డబ్బా బిగించి, దాని అడుగున పెద్ద బిరడా పెట్టి, ఆ బిరడాకి ఒక క్లచ్ వైరు కట్టి హ్యాండిల్ దగ్గరికి తెచ్చాం. కాటా మీద డబ్బా నిండుగా ఉంటుంది. మొదటి చుట్టులో వైరు లాగితే నీళ్ళన్నీ నేలపాలు. అక్కణ్ణించి అందరి కంటే తేలికైన బండి నాది. చివర్లో మళ్ళీ డబ్బా నింపుకుని దర్జాగా కాటా ఎక్కుతాం. దొంగతనమా? ఎక్కడ? రూల్లో చూపించండి!

పందెం ఆదివారం పొద్దున. రైసు మిల్లు నుంచి తెచ్చిన పెద్ద కాటా చేను గట్టున పెట్టారు. మా బండి ఎక్కగానే విజిల్ మాష్టారు డబ్బా చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"ఏవిటయ్యా ఇది?"

"బ్రేకులు చల్లార్చడానికి నీళ్ళండి," అన్నాడు మావయ్య, చేతులు కట్టుకుని వినయంగా.

"ఓహో. నీ బండికి కూడా దాహం వేస్తుందన్నమాట."

"కూడా అంటే... ఏవండీ?"

మాష్టారు విజిల్‌తోనే వెనక్కి చూపించారు. వరసలో మా తర్వాత నిలబడ్డ బండికి అచ్చం మా డబ్బాలాంటి డబ్బా. దాని వెనక బండికీ డబ్బా. దాని వెనకా అంతే. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన కుర్రాడి డబ్బాకైతే నీలం రంగు కూడా వేయించారు. మావయ్య గబగబా వెళ్ళి, అక్కడే పందెం చూడ్డానికి వచ్చి నిలబడ్డ మా డబ్బా చేసిచ్చిన వెల్డింగాయన్ని పట్టుకుని, "ఎవరికీ చెప్పొద్దన్నాను కదయ్యా!" అని పళ్ళు కొరికాడు. "నేనెవరికీ చెప్పలేదండీ బాబూ, ఒట్టు," అన్నాడాయన. "రంగు ఆరడానికి షాపు బయట పెట్టానంతే. వాళ్ళే చూసుకున్నారు." మావయ్యకి తగిన వెల్డింగాయనే దొరికాడు.

వరసలో డబ్బా లేని బండి ఒకే ఒక్కటి. అది పాలాయనది. రోజూ పాల క్యాన్లు వేసుకుని తిరిగే పాత బండి మీద, క్యాన్లు మాత్రం దింపేసి, పంచె ఎగగట్టి వచ్చాడు. ఆయన ఒక్కడి బరువుకే కాటా ముల్లు గీత దాటి ఊగింది. ఆయన్ని చూసి మేమందరం పగలబడి నవ్వుకున్నాం.

ఇప్పుడు ట్రాకు సంగతి వినండి. చేను మొత్తం ఖాళీయే గానీ, దూరంగా కాలవ వైపు మూల మటుకు ఒక రైతు ఇంకా చెరకు కొట్టలేదు. ఆ నిలువెత్తు చెరకు వెనక నుంచి మలుపు తిరగాలి. ట్రాకు మొత్తానికి విజిల్ మాష్టారికి కనపడని చోటు అదొక్కటే. వైరు అక్కడ లాగమని మావయ్య నాకు చెప్పాడు. మిగతావాళ్ళకి వాళ్ళ వాళ్ళ మావయ్యలు చెప్పారు. నేను ముందు వెళ్ళి మలుపులో వైరు లాగాను. వెనక భళ్ళుమని శబ్దం, బండి ఒక్కసారిగా తేలికపడి ముందుకి దూకింది. అబ్బ, ఆ క్షణం! మగ్గం గుంట నా వెనక పూడుకుపోతున్నట్టే అనిపించింది. గెలిచేశాను నాన్నా అని హెల్మెట్‌లోనే అరిచాను. నా వెనక వచ్చిన ప్రతివాడూ అదే మలుపులో, అదే చోట, తన బిందెడూ కుమ్మరించాడు.

మా ప్రాంతంలో నేల ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. నల్లరేగడి. ఎండినప్పుడు రాయి, తడిస్తే సబ్బు. చినుకు పడ్డ చేలో చెప్పులతో నడిచి జారిపడని పిల్లవాడు డెల్టాలో ఉండడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మట్టిలో పెరిగినవాళ్ళం, నీళ్ళు ఎన్ని కావాలో లెక్కేశాం, ఎక్కడ పట్టాలో లెక్కేశాం, ఎక్కడ వదలాలో లెక్కేశాం. వదిలిన చోట నేల ఏమవుతుందో మాలో ఒక్క వెధవకీ తట్టలేదు. నేను రెండో చుట్టు తిరిగి వచ్చేసరికి ఆ మలుపు దున్ని దమ్ము చేసిన నారుమడిలా నిగనిగలాడుతోంది. నారు ఒక్కటే తక్కువ. బ్రేకు నొక్కాను. బ్రేకులు చల్లగానే ఉన్నాయి గానీ, చక్రాలకి పట్టుకోవడానికి నేలే లేదు. బండి ఒక వైపూ, నేను ఒక వైపూ పోయాం. లేవబోతున్నాను, వెనక వస్తున్న నీలం డబ్బా బండి అడ్డంగా జారుకుంటూ వచ్చి నా ఎడమ మోకాలి మీద పడింది. చెరకు గడ విరిచినప్పుడు వచ్చే శబ్దమే వచ్చింది. ఆ రోజు నుంచి నేను చెరకు నమలలేదు.

దాని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. ఒకడికి చెయ్యి విరిగింది, ఒకడి పళ్ళు పోయాయి. చెరకు అవతల జనానికి ఇవేవీ కనపడవు. మైకులో కుర్రాడి అరుపులు నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి: "ఇప్పుడు చెరకు దాటి ముందుగా వచ్చేదెవరు? మన పటమట పులా? జంక్షన్ చిరుతా? ఉత్కంఠ! ఉత్కంఠ!" జనం ఈలలు వేస్తున్నారు. పటమట పులి బురదలో పడి అమ్మా అని ఏడుస్తోంది. జంక్షన్ కుర్రాడు తన బండిని నా కాలి మీంచి లాగేసి, హెల్మెట్ తీసి, నా తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు పాపం. "నీళ్ళు," అన్నాను నేను. వాడి డబ్బా పూర్తిగా ఖాళీ కాలేదు, అడుగున కొంచెం మిగిలింది. దోసిట్లోకి ఒంపి నా నోట్లో పోశాడు. ఆ పొద్దున ఆ చేలోకి మోసుకొచ్చిన అన్ని బిందెల్లో న్యాయంగా ఖర్చయింది ఆ దోసెడే.

పందెం ఎవరు గెలిచారంటారా? పాలాయన. నిదానంగా వచ్చి, బురద చూసి, బండి దిగి, గట్టు మీంచి నడిపించుకుంటూ వెళ్ళి, మళ్ళీ ఎక్కి, ఒక్కడే చెరకు దాటి బయటికి వచ్చాడట. (నీళ్ళు కలపకుండా ఆయన చేసిన పని జీవితంలో అదొక్కటే అని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన పాలు మేము కొనలేదు కనక నాకు తెలియదు.)

ఆసుపత్రిలో డాక్టరుగారు కాలిలో ఇనప రాడ్డు వేశారు. నడుస్తావు గానీ మోకాలు ఇక వంగదు అని చెప్పారు. అప్పుడు నాన్న నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గెలిస్తే నా దారి, ఓడితే మగ్గం అనుకున్నాం కదా. గెలవనూ లేదు, మగ్గంలో కూర్చోవడానికి కాలూ లేదు. ఇలాంటిది కూడా ఒకటి ఉంటుందని ఒప్పందం చేసుకునేటప్పుడు మా ఇద్దరికీ తోచలేదు. నాన్న నా కాలి కట్టు వంక చూసి, "పోనీలేరా, నా మోకాళ్ళకి తోడు దొరికింది," అన్నాడు. నవ్వడానికే అన్నాడు. ఇద్దరం నవ్వలేకపోయాం. జంక్షన్ కుర్రాడు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళమ్మని తీసుకుని వచ్చేవాడు. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది, అవతల మా అమ్మ ఆంజనేయస్వామికి మొక్కుకునేది. ఇద్దరు దేవుళ్ళు కలిసినా రాడ్డు రాడ్డే. మావయ్యతో మాత్రం అమ్మ మాట్లాడలేదు. తమ్ముడు గుమ్మంలో నిలబడితే ఆవిడ గోడ వైపు తిరిగేది.

ఇంటికి తీసుకొచ్చి ముందుగదిలోనే మంచం వేశారు. ఒక వారం గడిచాక నాన్న మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాడు. నేను చూడకుండా కళ్ళు మూసుకునేవాణ్ణి, కానీ చెవులు మూసుకోలేం కదా. నా చిన్నప్పుడు ఆ మగ్గం టకటకమని ఆగకుండా మోగేది. ఇప్పుడు రెండుసార్లు మోగి ఆగేది. ఒక మూలుగు. మళ్ళీ రెండుసార్లు. ఆ మూలుగు వినపడినప్పుడల్లా నాకు నా కాలు తీసి ఆయనకి ఇచ్చేయాలనిపించేది. నా కాలు ఎవరికీ పనికిరాదని వెంటనే గుర్తొచ్చేది.

ఒక రోజు మావయ్య గోనె సంచిలో ఏదో మోసుకొచ్చాడు. అమ్మ గోడ వైపు తిరిగింది. ఆయన సంచి విప్పి, చిన్న మోటారు, బెల్టూ బయటికి తీసి గుంట అంచున పెట్టాడు.

"బావగారూ, ఇది కింద బిగిస్తే చెక్కలు అదే తొక్కుతుందండి. మీరు ఊరికే కూర్చుని నాడె చూసుకోండి చాలు. చప్పుడు కూడా రాదు, బయటికి ఎవరికీ తెలీదు."

నాన్న నాడె పక్కన పెట్టాడు. "చేనేత అని చెప్పి అమ్ముతున్నాం కదయ్యా ఈ బట్ట?"

"చేత్తోనే కదండీ నేస్తున్నారు! కాళ్ళ సంగతి రూల్లో ఎక్కడా..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన నోట ఆ మాట సగంలో ఆగడం నేను అదే మొదటిసారి చూశాను. నాన్న చాపి ఉన్న నా కాలి వైపు ఒకసారి చూసి, "తీసుకెళ్ళిపోవయ్యా," అన్నాడు మెల్లిగా, "నాకు చేతనైనన్నాళ్ళు నేనే తొక్కుతాను." మావయ్య మోటారు సంచిలో పెట్టుకోబోయి, పెట్టుకోలేక, గుంట అంచునే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. గోడ వైపు తిరిగి ఉన్న అమ్మ వచ్చి తమ్ముడి తల మీద చెయ్యి వేసింది. నేనూ ఏడ్చాను. నాన్న ఒక్కడే ఏడవలేదు. ఆయనకి పని ఉంది. రెండుసార్లు తొక్కాడు, ఆగాడు.

చేతనైనన్నాళ్ళూ తొక్కాడు. తర్వాత ఆ మగ్గం విప్పేశారు, గుంట పూడ్చి పైన గచ్చు చేశారు. ఒకప్పుడు నేను ఏ గుంట నుంచి పారిపోయానో ఆ గుంటే అది. అయినా పెడన వెళ్ళినప్పుడు ఇప్పటికీ ఆ చోట అడుగు వేయను, పక్కనుంచి వెళ్తాను.

నేను మావయ్య షెడ్లోనే స్పేర్ పార్టుల కౌంటరు చూసుకుంటున్నాను. జంక్షన్ కుర్రాడు (కుర్రాడేమిటి, జుట్టంతా ఊడింది) మా కొట్టుకే టైర్లు పంపిస్తాడు. ఉయ్యూరు పందేలు మళ్ళీ జరుగుతున్నాయి. విజిల్ మాష్టారు పోయాక ఆయన విజిల్ నా మెళ్ళో వేశారు. కాటా పక్కన కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంటాను. ఇప్పుడు రూలు మారింది. బండి మీద నీళ్ళ డబ్బా ఉండకూడదు, పందెం అయ్యాక చుక్క నీరు కూడా నింపకూడదు. నేను జీవితంలో సాధించిన కప్పు ఏదైనా ఉందంటే ఆ రూలే. ఈ మధ్య ఒక బక్కపల్చటి రేసు వీరుడు బరువు చాలక కాటా మీద నిలబడి నన్ను బతిమాలాడు.

"కొంచెమే కదన్నా తక్కువ! ఒక డబ్బా నీళ్ళు పెట్టుకుంటే సరిపోయేది, అదీ కూడదంటారు. ఇంత చాదస్తపు రూలు ఏ మహానుభావుడు పెట్టాడన్నా?"

"ఎవరో బాగా తెలివైన వాళ్ళేనయ్యా," అన్నాను. "వెళ్ళి సీటు కింద ఇనప ముక్క బిగించుకుని రా. గట్టిగా బిగించు, మళ్ళీ వచ్చి చూస్తాను."

వాడు గొణుక్కుంటూ వెళ్ళాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఏం బుద్ధి పుట్టిందో, నేనే కాలు ఈడ్చుకుంటూ కాటా ఎక్కాను. ముల్లు చూసి నవ్వాగలేదు. ఆ రోజు నాకు తక్కువైన బిందెడు బరువూ ఇన్నేళ్ళలో నా పొట్టకే వచ్చి చేరింది, పైగా కాలిలో రాడ్డు. ఆనాటి ఆ ఎముకల గూడు పటమట పులి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఎదురుగా నిలబడి నన్ను చూస్తున్నట్టే అనిపించింది. ఒరేయ్ పిచ్చోడా, అన్నాను వాడితో, కాస్త ఓపిక పట్టి నాలుగు ముద్దలు ఎక్కువ తిని ఉంటే సరిపోయేది కదరా.

అవతల మైకులో ఎవరో పందెం మొదలవుతోందని అరిచారు. కాటా దిగి, విజిల్ నోట్లో పెట్టుకున్నాను.